తల్లి ముఖం చూసే బిడ్డ: తిరుపతి జిల్లా అధికారులకు ఒక అంగన్‌వాడీ టీచర్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి, మహిళా శిశు సంక్షేమ శాఖ అధికారులకు, పట్టణ ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు,

నమస్కారం.

పోయిన నెల ఒకరోజు పొద్దున మా సెంటర్‌కు వచ్చిన ఒక పాప లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. మూడేళ్లు నిండి నాలుగు నెలలైన పిల్ల. రోజూ వచ్చీ రాగానే బొమ్మల డబ్బా దగ్గరికి పరిగెత్తే పిల్ల. "ఏమ్మా, లోపలికి రా" అంటే కదల్లేదు. కాసేపటికి నా కొంగు పట్టుకుని మెల్లగా చెప్పింది: "రాత్రి నాన్న బండి కోపంగా వచ్చింది టీచర్."

నాకు మొదట అర్థం కాలేదు. సాయంత్రం వాళ్లమ్మను అడిగితే తెలిసింది. వాళ్లాయన కొండమీదికి టాక్సీ నడుపుతాడు. రాత్రి కారు ఓనరు ఇంటి దగ్గర వదిలి, బైక్ మీద ఇంటికొస్తాడు. బేరాలు బాగా దొరికిన రోజు బండి మెల్లగా ఆగుతుంది, స్టాండు మెల్లగా పడుతుంది. బేరాల్లేని రోజు, ఓనరుతో మాటామాటా పెరిగిన రోజు, ఇంజను ఒకసారి గట్టిగా అరిచి ఆగుతుంది. స్టాండు నేలకేసి కొట్టినట్టు పడుతుంది. తర్వాత గోడకు చెప్పులు తగిలిన చప్పుడు. "పాప ముందర మేం ఎప్పుడూ కొట్లాడుకోలేదక్కా. ఆయన పాపమీద ఇంతవరకూ చెయ్యి కూడా ఎత్తలేదు" అంది ఆ తల్లి. నేను ఆ మాట నమ్ముతాను. అతను మంచివాడే. కానీ అ ఆలు ఇంకా రాని ఆ పిల్లకు స్టాండు చప్పుడు చదవడం వచ్చేసింది. ఆ చప్పుడు వినబడగానే బొమ్మలన్నీ పోగేసి మంచం కిందికి తోసేస్తుందట. ఎవరూ చెప్పలేదు, ఎవరూ బెదిరించలేదు. తనంతట తనే.

ఈ ఉత్తరం రాయాలని ఆ రోజే అనుకున్నాను. మా వీధి పేరు, సెంటర్ నంబరు కావాలనే రాయడం లేదు. రాస్తే ఏ పిల్లలో, ఏ ఇళ్లో చుట్టుపక్కల వాళ్లకు తెలిసిపోతుంది.

నేను తిరుపతిలో కొండ కింద ఒక బస్తీలో 21 ఏళ్లుగా అంగన్‌వాడీ కార్యకర్తగా పనిచేస్తున్నాను. మా చుట్టూ ఉండేవాళ్లు లాడ్జీల్లో పనిచేసేవాళ్లు, పూలమ్ముకునేవాళ్లు, టాక్సీ డ్రైవర్లు, హోటల్ పనివాళ్లు, రేణిగుంట వైపు ఫ్యాక్టరీలకు షిఫ్టులకు పోయే ఆడపిల్లలు. బ్రహ్మోత్సవాలు వచ్చినా, వరసగా సెలవులు వచ్చినా ఊరంతా పండగ చేసుకుంటుంది గానీ మా పిల్లల ఇళ్లల్లో నాన్న కనబడడు. కనబడినా నిద్రలేని కళ్లతో కనబడతాడు.

ప్రతి నెలా మేం పిల్లల బరువు తూస్తాం. ఎత్తు కొలుస్తాం. అవసరమైతే జబ్బ చుట్టుకొలత తీస్తాం. ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కిస్తాం. బరువు తగ్గితే అడిగేవాళ్లున్నారు, నేను కూడా పరిగెత్తి వాళ్ల ఇంటికి పోతాను. ఇది మంచి పని. ఈ పని వల్ల బతికిన పిల్లలు నా చేతుల మీదుగా పోయారు, వాళ్లిప్పుడు ఇంటర్ చదువుతున్నారు. దీన్ని తక్కువ చేసి ఒక్క మాట కూడా అనను. 1975 అక్టోబరు 2న మా అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైనప్పుడు ఆరు సేవలు పెట్టారు: పోషకాహారం, ప్రీస్కూల్, ఆరోగ్య విద్య, టీకాలు, వైద్య పరీక్షలు, పెద్దాసుపత్రికి పంపడం. యాభై ఏళ్లుగా ఈ ఆరూ బిడ్డ ఒంటిని, తిండిని, చదువును కాపాడుతున్నాయి. కానీ ఆ బిడ్డ పొద్దున లేచి మొట్టమొదట చూసేది అమ్మ ముఖాన్ని. ఆ ముఖం ఎలా ఉందో రాసుకునే చోటు మా దగ్గర ఏ పుస్తకంలోనూ లేదు.

ఇప్పుడు ఇంటికి సరుకు ఇవ్వాలంటే తల్లి ముఖాన్ని ఫోన్‌లో పట్టాలి. కెమెరా ముందు నిలబెట్టి, కళ్లు ఆర్పమని చెప్పి, ఆ ముఖం ఆమెదే అని ఫోన్ ఒప్పుకున్నాక ఇస్తాం. నెలనెలా ఇంతమంది తల్లుల ముఖాలను ఇంత దగ్గరగా నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఆ ముఖం ఎవరిదో ఫోన్ చెబుతుంది. ఆ ముఖంలో ఏముందో చూడాల్సింది నేను. వెనక పదిమంది నిలబడి ఉంటారు, నెట్ ఆగిపోయి ఉంటుంది, నేను చూడను. ఇదే నా బాధ.

మా అమ్మాయి ఇక్కడే పీజీ చదువుతోంది. ఒక రాత్రి తన ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికా సైకాలజిస్టు 1975లో మొదటిసారి అందరి ముందూ పెట్టిన పరీక్ష అది. ఏడాది పాప కుర్చీలో కూర్చుని ఉంటుంది. తల్లి నవ్వుతూ ముచ్చట్లాడుతుంది, పాప కేరింతలు కొడుతుంది, వేలు పెట్టి ఏదో చూపిస్తుంది, తల్లి అటు చూస్తుంది. తర్వాత తల్లి ఒకసారి అటు తిరిగి, మళ్లీ ఇటు తిరుగుతుంది. ఇప్పుడు ఆమె ముఖంలో నవ్వు లేదు, కోపం లేదు, ఏమీ లేదు. రాయిలా చూస్తూ ఉంటుంది. అంతే, తిట్టదు, వదిలేసి పోదు.

పాపకు క్షణంలో తెలిసిపోతుంది. ముందు నవ్వి చూస్తుంది. ఇంతకుముందు వేలు చూపిస్తే అమ్మ అటు చూసింది కదా, మళ్లీ వేలు చూపిస్తుంది. రెండు చేతులూ చాపుతుంది. గట్టిగా అరుస్తుంది. ఏదీ పనిచేయకపోయేసరికి ముఖం పక్కకు తిప్పేసుకుంటుంది, ఒళ్లు వాలిపోతుంది, ఏడుస్తుంది. ఇదంతా రెండు నిమిషాల్లో. తర్వాత తల్లి మళ్లీ తల్లవుతుంది, "ఇక్కడే ఉన్నానమ్మా" అన్నట్టు చేతులు పట్టుకుంటుంది, పాప తేరుకుంటుంది.

వీడియో అయిపోయాక నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. ఆ పాప చేసిన పనులన్నీ నేను మా ఇంట్లోనే చూశాను. అప్పుడు నాకు అర్థం కాలేదు.

మా రెండోవాడికి నాలుగేళ్లప్పుడు మేం చీటీలో డబ్బులు పోగొట్టుకున్నాం. చీటీ నడిపినతను రాత్రికి రాత్రి ఊరు వదిలి పోయాడు. ఇంటికి అప్పులవాళ్లు. పిల్లలకు తెలియకూడదని మేమిద్దరం మిద్దె మీదికి పోయి మాట్లాడుకునేవాళ్లం. కిందికి వచ్చేముందు కొళాయి దగ్గర ముఖం కడుక్కుని, నవ్వు ముఖం పెట్టుకుని వచ్చేదాన్ని. బాగానే దాచాననుకున్నాను. ఆ రోజుల్లోనే మా వాడు అంగడి ముందు ఆగి బిస్కెట్లు అడగడం మానేశాడు. "ఏం నాన్నా, వద్దా?" అంటే "వద్దులేమ్మా, పళ్లు పాడైపోతాయి" అన్నాడు. ఎంత బుద్ధిమంతుడయ్యాడో అని నేను వీధంతా చెప్పుకున్నాను. అన్నం అడక్కుండానే తినేసేవాడు. కింద పడినా ఏడ్చేవాడు కాదు. ఏడాది నుంచి మానేసిన పక్క తడపడం మాత్రం మళ్లీ మొదలైంది. నేను పురుగుల మందు వేయించాను, రాత్రి నీళ్లు తాగొద్దన్నాను. చివరికి మా అమ్మ చెప్పింది: "వానికి కడుపులో ఏం లేదే. వాడు పొద్దస్తమానం నీ మొగం చూస్తా ఉండాడు. నువ్వు నవ్వేది నోటితోనే అని వానికి తెలిసిపోయిండాది."

మా అమ్మకు ఏ పరిశోధనా తెలియదు. ఆమె చెప్పిందే నిజం.

పిల్లలు తెలియని దాన్ని అమ్మ ముఖంలో చదువుతారని ఈ ఊరి వాళ్లకు నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. ప్రతి ఏటా మే నెలలో గంగమ్మ జాతరలో చూస్తూనే ఉంటాం. ఒంటినిండా సుద్ద పూసుకున్నవాళ్లు, బొగ్గు పూసుకున్నవాళ్లు, చీర కట్టి జడ వేసుకున్న మగవాళ్లు వేపమండలు పట్టుకుని వీధిలో వస్తుంటారు. చంకలో ఉన్న బిడ్డ ఒక్క చూపు వేషం వైపు చూసి, వెంటనే గిర్రున తల తిప్పి అమ్మ ముఖం చూస్తుంది. అమ్మ నవ్వుతూ "అదిగో, గంగమ్మ దగ్గరికి పోతున్నారు, దండం పెట్టు" అంటే, బిడ్డ మళ్లీ తిరిగి చూస్తుంది, ఈసారి కళ్లు పెద్దవి చేసి. అమ్మ ఉలిక్కిపడి పైట కప్పితే, ఇంక ఆ బిడ్డ ఆ రోజంతా ముఖం ఎత్తదు. వేషం అదే, వీధి అదే, బిడ్డకు తెలిసిందల్లా అమ్మ ముఖమే. కొండమీద కళ్యాణకట్టలో పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు కూడా గమనించండి. కత్తిని చూసి ఏడ్చే పిల్లల కంటే, అమ్మ కళ్లల్లో నీళ్లు చూసి ఏడ్చేవాళ్లే నాకు ఎక్కువ కనబడ్డారు.

దీన్ని కూడా పరీక్ష పెట్టి చూశారని మా అమ్మాయి చెప్పింది. 1985లో అచ్చయిన పరిశోధన. ఒక బల్ల మీద గాజు పలక పరిచి, సగం దాటాక కింద లోతు ఉన్నట్టు కనబడేలా చేశారు. ఏడాది పిల్లలను పాకించారు. అవతల తల్లి నిలబడి ఉంటుంది. లోతు దగ్గరికి వచ్చి పిల్లలు ఆగారు, తల్లి వైపు చూశారు. తల్లి సంతోషంగా ముఖం పెట్టినప్పుడు 19 మందిలో 14 మంది దాటి వచ్చేశారు. భయంగా ముఖం పెట్టినప్పుడు 17 మందిలో ఒక్కరు కూడా దాటలేదు. తల్లులు ఒక్క మాట మాట్లాడలేదు, ముఖం ఒక్కటే.

"వాళ్లు పడుకున్నాక మాట్లాడుకుందాం" అని ఇళ్లల్లో అంటారు. నేనూ అనేదాన్ని. 2013లో అమెరికాలోని ఒరెగాన్ యూనివర్సిటీ వాళ్లు 6 నెలల నుంచి ఏడాది మధ్య పసిబిడ్డలు నిద్రపోతుండగా స్కానింగ్ తీశారు. ఒక మగ గొంతుతో అర్థంలేని మాటలు వినిపించారు. ఒకసారి మామూలుగా, ఒకసారి సంతోషంగా, ఒకసారి బాగా కోపంగా. నిద్రలో కూడా ఆ బిడ్డల మెదడు కోపం గొంతుకు వేరుగా స్పందించింది. తల్లిదండ్రుల గొడవలు ఎక్కువ ఉన్న ఇళ్ల పిల్లల్లో ఆ స్పందన ఇంకా ఎక్కువ. అగ్గిపెట్టెల్లాంటి మా బస్తీ ఇళ్లల్లో, ఒకే గదిలో, తలాపున బిడ్డ ఉయ్యాల వేలాడుతుంటే, నిద్రపోయిందిలే అనుకుని మనం ఏం మాట్లాడుకుంటున్నామో ఆలోచిస్తే నాకు భయం వేస్తుంది.

ఇంకో సంగతి, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది. మూడు, నాలుగేళ్ల పిల్లలకు ప్రపంచమంతా తన చుట్టూనే తిరుగుతుంది. వాన వస్తే తను ఏడ్చినందుకే వచ్చిందనుకుంటారు. అలాగే అమ్మ ముఖం మాడిపోతే తను ఏదో తప్పు చేశాననుకుంటారు. అప్పు అంటే ఏమిటో, ఓనరు అంటే ఎవరో, అత్తగారి మాటలంటే ఏమిటో వాళ్లకు తెలియదు. తెలిసిన కారణం ఒక్కటే: నేను. కొందరు పిల్లలు దీన్ని అల్లరిలో చూపిస్తారు, కొరుకుతారు, కొడతారు, వాళ్లమీద మాకు ఫిర్యాదులు వస్తాయి, వాళ్లను గమనిస్తాం. కొందరు మాత్రం బాగా మంచివాళ్లైపోతారు. మా సెంటర్లో ఏళ్ల కిందట ఒక బాబు ఉండేవాడు. పలక ఇస్తే పలక, గుడ్డు ఇస్తే గుడ్డు, పడుకోమంటే పడుకునేవాడు. పక్కవాడు బొమ్మ లాక్కుంటే ఇచ్చేసేవాడు. "బంగారం, ఎంత గమ్మునుంటాడో చూడండి" అని అందరికీ వాణ్ణే చూపించేదాన్ని. ఒకరోజు ఆయా చేతిలోంచి గిన్నె జారి పడింది. పెద్ద చప్పుడు. మిగతా పిల్లలందరూ నవ్వారు. ఆ బాబు లేచి వచ్చి, వణుకుతున్న చేతులతో గిన్నె ఎత్తి పెడుతూ "నేను కాదు టీచర్, నేనింక చేయను" అన్నాడు.

వాడి బరువు సరిగ్గానే ఉండేది. ఎత్తు సరిగ్గానే ఉండేది. రెండేళ్లపాటు నేను వాణ్ణి మెచ్చుకుంటూనే ఉన్నాను.

ఇదంతా చదివి తల్లుల తప్పు అనుకుంటారేమోనని నాకు టెన్షన్. దయచేసి అలా అనుకోవద్దు. ఏం జరిగినా "తల్లి సరిగ్గా లేదు" అనడం మన ఇళ్లల్లో తేలిక. నేను అడుగుతున్నది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఎప్పుడూ నవ్వుతూ ఉండే తల్లి ఎక్కడా లేదు, ఉండక్కర్లేదు కూడా. ట్రానిక్ గారే తర్వాత చెప్పారట: బాగా సఖ్యంగా ఉన్న తల్లీబిడ్డల మధ్య కూడా ఇద్దరి ముఖాలూ, మనసులూ సరిగ్గా కలిసేది సుమారు 30 శాతం సమయమే. మిగతా సమయమంతా తప్పిపోవడం, మళ్లీ కలుసుకోవడం. బిడ్డ ధైర్యం నేర్చుకునేది ఆ మళ్లీ కలుసుకోవడంలోనే. అమ్మకు కోపం వస్తుంది, పోతుంది, అమ్మ మళ్లీ దగ్గరికి తీసుకుంటుంది అని బిడ్డకు తెలిస్తే చాలు. వీడియోలో కూడా చివరన జరిగింది అదే.

అందుకే ఆ టాక్సీ నడిపే నాన్నను పిలిపించాను. పొద్దున ఆరున్నరకు, డ్యూటీకి పోతూ వచ్చాడు. బైక్ తాళం చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. పాప చెప్పిన మాట చెప్పాను, బొమ్మల సంగతి చెప్పాను. తాళం తిప్పడం ఆగిపోయింది. "దానికేం తెలుస్తుందక్కా, అది చిన్నపిల్ల" అన్నాడు. మళ్లీ తనే "నేను దాన్ని ఏమీ అనలేదే" అన్నాడు. నేను ఒకే ఒక్క సంగతి అడిగాను. కోపం రాకూడదని అడగలేదు. ఇంట్లోకి వచ్చాక, ఆ కోపం దేనిమీదో పాపకు ఒక ముక్క చెప్పమన్నాను. "నాన్నకు ఈరోజు బేరం లేదు. అందుకని కోపంగా ఉంది. నీమీద కాదు. నువ్వేం చేయలేదు." ఇంతే. పాప అర్థం చేసుకుంటుందా అన్నాడు. స్టాండు చప్పుడు అర్థమైన పిల్లకు ఈ మాట అర్థం కాదా అన్నాను.

పది రోజుల తర్వాత పాప గుడ్డు తింటూ తింటూ చెప్పింది, "నాన్నకు నిన్న బేరం లేదంట. నామీద కోపం లేదంట." స్టాండు ఇప్పటికీ అలాగే పడుతోందని వాళ్లమ్మ అంటోంది. బొమ్మలు మాత్రం మంచం కిందికి పోవడం లేదు.

ఇది ఒక మాటతో తీరిన కష్టం. మాటతో తీరనివి ఉన్నాయి. రెండేళ్ల కిందట మా దగ్గరికి ఒక బాలింత వచ్చేది. ఇరవై మూడేళ్లుంటాయి. రెండో కాన్పులో ఆడపిల్ల. అయిదు నెలల ఆ బిడ్డను తూకం వేస్తే బరువు బాగుంది, చార్టులో ఆకుపచ్చలోనే ఉంది. కానీ బిడ్డ నా ముఖం చూడలేదు, అమ్మ ముఖం చూడలేదు, పైన తిరిగే ఫ్యాన్ చూస్తూ ఉండిపోయింది. చప్పట్లు కొట్టినా అటే. నేను "సాధారణం" అని ఎక్కించి పంపించేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఇంటికి పోయాను. అత్తగారు బయటికి పోయాక ఆ అమ్మాయి చెప్పింది: "పాప ఏడుస్తుంటే పక్కింట్లో ఎవరో ఏడుస్తున్నట్టు ఉంటుందక్కా. లేవాలనే ఉంటుంది. కాళ్లు రావు." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖంలో ఏమీ లేదు. వీడియోలో తల్లి రెండు నిమిషాలు పెట్టిన ముఖం, ఈ అమ్మాయి అయిదు నెలలుగా దించుకోలేకపోతోంది.

ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే బాలింత నీరసమని టానిక్ రాసిచ్చారు. అది నీరసం కాదు, కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్. చివరికి 14416కు ఫోన్ చేయించాను. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు అది. డబ్బులు ఖర్చు కావు, తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా పగలైనా. వాళ్లు చెప్పిన దారిలో పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి పోయాం. మందులు, మాటలు, మూడు వారాలకొకసారి. తేరుకునేసరికి బిడ్డకు పదకొండో నెల వచ్చింది. అప్పటికి గానీ ఆ పాప అమ్మను చూసి నవ్వడం నేను చూడలేదు.

ఇలాంటి తల్లులు ఎక్కడో ఒకరనుకుంటే పొరపాటు. మన దేశంలో జరిగిన 38 పరిశోధనలను, 20 వేల మందికి పైగా తల్లుల వివరాలను కలిపి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. కాన్పైన తల్లుల్లో 22 శాతం మందికి ఈ డిప్రెషన్ ఉందని అందులో లెక్క తేలింది. అంటే అయిదుగురిలో ఒకరు. మా సెంటర్లో ఏ రోజు చూసినా పదిమంది బాలింతలు ఉంటారు. ఆ లెక్కన ఇద్దరు. ఇన్నేళ్లలో నేను ఎంతమందిని చూడకుండా పంపించానో ఆలోచించే ధైర్యం నాకు లేదు.

అయ్యా, అమ్మా, ఇప్పుడు నేను అడిగేవి చెబుతాను. కొత్త భవనాలు అక్కర్లేదు.

బిడ్డకు టీకాల కోసం తల్లి ఎలాగూ ఆరు వారాలకు, పది వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిదో నెలలో వస్తుంది. ఆ రోజుల్లోనే తల్లితో అయిదు నిమిషాలు మాట్లాడే ఏర్పాటు చేయండి. కాన్పు తర్వాత డిప్రెషన్‌ను పసిగట్టడానికి ఎడిన్‌బరోలో 1987లో తయారుచేసిన పది ప్రశ్నలు ఉన్నాయి. గత ఏడు రోజుల్లో నవ్వగలిగావా, కారణం లేకుండా భయం వేసిందా, ఏడుపు వచ్చిందా, ఇలాంటివే. వాటిని మన తెలుగులో, మన చిత్తూరు తిరుపతి మాటల్లో అడగడం ఏఎన్‌ఎంలకు, మాకు నేర్పించండి. అడిగేటప్పుడు పక్కన అత్తగారు, ఆడపడుచు ఉండకూడదు. ఒక పరదా చాలు. ఒక కుర్చీ చాలు.

దీన్ని యాప్‌లో ఇంకో గడి మాత్రం చేయకండి. చేతులెత్తి దండం పెట్టి అడుగుతున్నాను. గడి పెడితే టార్గెట్ వస్తుంది, టార్గెట్ వస్తే అందరి ముందూ గబగబా అడిగి "బాగున్నాను" అని రాసుకోవడమే అవుతుంది. పైగా పేరు బయటికి వచ్చిందంటే ఆ అమ్మాయికి "పిచ్చి" అని ముద్ర వేసి పుట్టింటికి పంపేవాళ్లు ఇంకా ఉన్నారు. ఈ వివరం తల్లికి, అడిగినవాళ్లకు, డాక్టర్‌కు మధ్యే ఉండాలి.

మేం గుర్తించాక ఎక్కడికి పంపాలో తెలియాలి. వారంలో ఫలానా రోజు, ఫలానా గదిలో బాలింతల కోసం మానసిక వైద్యులు ఉంటారని పట్టణ ఆరోగ్య కేంద్రాలన్నిటికీ రాసి పంపండి. తల్లి మా చీటీ పట్టుకుని పోతే టానిక్ రాసి పంపించకుండా కూర్చోబెట్టి మాట్లాడాలి. ప్రతి సెంటర్ గోడ మీద పిల్లల ఎత్తు కొలిచే గీతల పక్కనే 14416 పెద్ద అంకెలతో రాయించండి. పెయింటు ఖర్చు మేమే పెట్టుకుంటాం.

తల్లుల సమావేశాలు పగలు పదకొండుకు పెడతాం. నాన్నలు ఎవరూ రారు, రాలేరు కూడా. నాన్నల కోసం వేరుగా పెట్టండి, రాత్రి ఎనిమిదికి పెట్టినా నేను వస్తాను. టాక్సీ స్టాండు దగ్గరైనా సరే, లాడ్జి పనివాళ్ల షిఫ్టు మారే వేళైనా సరే, వాళ్లున్న చోటికే పోదాం. వాళ్లకు ఉపన్యాసాలు వద్దు. ఆ వీడియో చూపించండి, "నీమీద కాదు, నువ్వేం చేయలేదు" అనే రెండు మాటలు నేర్పించండి. ఆ టాక్సీ నాన్న లాంటివాళ్లే ఎక్కువమంది. వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే.

2024లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నవచేతన అనే మార్గదర్శకంలో మూడేళ్లలోపు పిల్లలతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో నెలనెలకూ రాసిచ్చారు. నాకు చాలా నచ్చింది, మా తల్లులకు చూపిస్తున్నాను. ఆడించడానికి మనసు రాని తల్లికి ఏం చెప్పాలో దానికి తోడుగా ఒక పూట శిక్షణ ఇవ్వండి.

మా గురించి కూడా ఒక మాట. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు పగలంతా మా ముఖాలే చూస్తారు. యాప్ తెరుచుకోక, రిపోర్టుకు టైము దాటిపోతుంటే నా ముఖం ఎలా ఉంటుందో పిల్లలను చూస్తే నాకు తెలుస్తుంది. పాట సగంలో ఆపేస్తారు. ఫోన్ పని పిల్లలు ఇంటికి పోయాక చేసుకునేలా సమయం మార్చండి. పిల్లలున్నంతసేపు ఫోన్ మా చేతిలో ఉండకుండా చూడండి.

మీరు పిలిస్తే వచ్చి ఇవన్నీ నేరుగా చెబుతాను. మధ్యాహ్నం రెండు దాటాక అయితే మంచిది. అన్నాలు తిని పిల్లలు చాపల మీద పడుకుని ఉంటారు, ఆయా చూసుకుంటుంది. వచ్చే మంగళవారం మా సెంటర్లో తూకాల రోజు. లోపలి గదిలో బియ్యం మూటలు ఒక పక్కకు జరిపి, పాత చీర ఒకటి పరదాగా కట్టి, రెండు కుర్చీలు వేశాను. మీ ఉత్తర్వులు వచ్చేలోగా అక్కడ ఒక్కొక్క తల్లితో కాసేపు కూర్చుంటాను.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక అంగన్‌వాడీ కార్యకర్త